నేనిచ్చిన నాలుగు మార్కులు

మే 14

ఈరోజు కమిటీలో నా మాట నెగ్గింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను మాట్లాడటం, పక్కవాళ్ళు వినడం, విన్నాక మనసు మార్చుకోవడం ఇదే మొదటిసారి. అందుకే రాసుకుంటున్నాను. కమిటీ సంగతులు సొంతంగా ఎక్కడా రాసుకోకూడదని ముందే సంతకం పెట్టించుకున్నారు. కానీ ఇది తెలుగులో ఉంది, నా బట్టల అరలో ఉంటుంది. కెనడాలో, ఈ ఒషావా ఊళ్ళో దీన్ని చదివేదెవరు?

పేదవాళ్ళకి ప్రభుత్వం ఇప్పించే మందులు, పళ్ళ వైద్యం, చక్రాల కుర్చీలు, వీటి క్లెయిములన్నీ మా ఆఫీసే చెల్లిస్తుంది. వాటిని చూసే కంప్యూటర్ సిస్టమ్ ముసలిదైపోయింది. కొత్తది కొనడానికి టెండర్ పిలిస్తే చివరికి రెండు కంపెనీలు మిగిలాయి. ఒకటి టొరంటోలో అద్దాల భవనంలో ఉండే పెద్ద కంపెనీ. రెండోది సస్కటూన్‌లోని చిన్న కంపెనీ. మార్కులు వేసేది ముగ్గురం. క్లెయిముల తరఫున నేను, కంప్యూటర్ల తరఫున వంశీధర్, అకౌంట్స్ నుంచి ఒకావిడ. మా పై అధికారి షెరిల్ టెండర్ నడిపిస్తుందే గాని మార్కులు వేయదు.

అన్ని విభాగాల్లోనూ మా మార్కులు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఒక్క దగ్గర తేడా వచ్చింది. పాత సిస్టమ్ ఆపి కొత్తది మొదలుపెట్టే రోజున, అప్పటికే అప్రూవల్ ఉన్నవాళ్ళకి మందులు ఆగకుండా ఎలా చూస్తారన్న ప్రశ్న అది. సస్కటూన్ వాళ్ళ జవాబుకి వంశీధర్ పదికి ఎనిమిది వేశాడు, అకౌంట్స్ ఆవిడ ఎనిమిది వేసింది. నేను నాలుగు.

"దాసూ, నీకు కనిపించిన లోపమేంటి?" అని షెరిల్ అడిగింది.

చెప్పాను. కిందటిసారి సిస్టమ్ మార్చినప్పుడు నేను ఫోన్ల దగ్గర ఉన్నాను. ఇన్సులిన్ కోసం వచ్చిన ముసలాయన ఒకడు ఫార్మసీ కౌంటర్ నుంచే నాతో మాట్లాడాడు. "నా పేరు మళ్ళీ చూడు బాబూ, నిన్నటిదాకా ఉన్నాను కదా" అన్నాడు. స్క్రీన్ మీద ఆయన పేరు లేదు. ఆ సంగతి చెప్పి, వీళ్ళ జవాబులో ఆ ముసలాయన ఎక్కడా లేడని అన్నాను. అకౌంట్స్ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇద్దరూ తమ మార్కులు అయిదుకి దించారు.

తర్వాత పార్కింగ్‌లో వంశీధర్ నా చెయ్యి పట్టుకున్నాడు. హైదరాబాద్ కుర్రాడు, డాలస్‌లో చేసి ఇక్కడికొచ్చాడు. మా దగ్గర ఇంకా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. "అన్నా, నేను సిస్టమ్ మనిషిని. డయాగ్రమ్ బాగుంటే మార్కులేస్తా. కౌంటర్ దగ్గర ఏమైతదో మీకే తెలుసు" అన్నాడు.

పెద్ద కంపెనీకే వస్తుంది. అది మంచి కంపెనీయే.

సస్కటూన్ వాళ్ళది నేను చూశాను. చూడవలసినంత చూశాను.

మే 15

వాళ్ళ ప్రపోజల్ చూసింది మా అమ్మాయి హోప్‌కి జ్వరం వచ్చిన వారం. ఇంట్లో పిల్లకి జ్వరంగా ఉంటే ఎవరి పనైనా అంతే.

మే 18

సెలవు. చర్చి వాళ్ళందరం లేక్ ఒడ్డున పిక్నిక్ పెట్టుకున్నాం. దయావతికి కమిటీ సంగతి చెప్పకూడదు. చెప్పాను. ఆమె ఆనందం పట్టలేక బిర్యానీ వడ్డిస్తూ అందరికీ చెప్పేసింది. "మా ఆయన లేచి మాట్లాడాకే తేల్చారంట."

ఆపుకోమని కళ్ళతో సైగ చేశాను. అది సిగ్గనుకుని అందరూ ముచ్చటపడ్డారు.

భోజనాల ముందు సంఘపెద్ద నా పేరు ప్రార్థనలో చేర్చాడు. అధికారుల మధ్య పేదల పక్షాన నోరు తెరిచిన సహోదరుడి కోసం స్తోత్రం అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరుచుకునే ఉన్నాను. దయావతి పెదాలు కదులుతున్నాయి. ఆమె నిజంగా స్తోత్రం చెబుతోంది.

ప్లేటు సగంలోనే వదిలేశాను. ఎండ వల్ల అన్నాను.

మే 26

ఆఫీసు లాప్‌టాప్‌లో సస్కటూన్ వాళ్ళ ప్రపోజల్ తెరిచాను. ఎందుకు తెరిచానో తెలీదు.

ఆ ప్రశ్నకి జవాబు ఒక పేజీయే. నేను చూసింది ఆ పేజీనే. పైపైన రాసినట్టుంటుంది, అందుకే నాలుగు వేశాను. కానీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. పూర్తి ఏర్పాట్లకు అటాచ్‌మెంట్ సి చూడండి.

అటాచ్‌మెంట్ సి వేరే ఫైలు. దాన్ని నేను తెరవలేదు. అప్పుడూ తెరవలేదు, ఇప్పుడూ తెరవలేదు. సంతకాలకి పైకి వెళ్ళిపోయిన దాన్ని ఇప్పుడు చదివి ఏం లాభం? ఇలాంటి అటాచ్‌మెంట్లలో ఏముంటుందో నాకు తెలుసు. బొమ్మలు, బాణాలు, ఇంతకు ముందు చేసిన పనుల గొప్పలు.

మే 27

తెరవలేదు.

మే 29

దయావతి నా ఎర్ర చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది, ఆదివారానికి. సంఘంలో యువకులకి ఉద్యోగ జీవితం గురించి రెండు మాటలు చెప్పమన్నారట. గొంతు నొప్పి అని చెప్పాను.

ఫైలు తెరవలేదు.

జూన్ 2

షెరిల్ గది దాకా వెళ్ళాను. ఒక అటాచ్‌మెంట్ సరిగ్గా చూశానో లేదో అనుమానంగా ఉందని, అంతవరకే చెబుదామనుకున్నాను. తప్పు చేశానని కాదు, అనుమానమని. ఆమె తలెత్తి "రా దాసూ" అంది. కూర్చున్నాను. పార్కింగ్ స్థలంలో మన వరసలో ఎప్పుడూ చోటు దొరకడం లేదని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, ఎవరికి రాయాలో చెప్పింది. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

హోప్‌కి జ్వరం ఉన్నది ఒక్కరోజే. ఆరోజు కూడా మాత్ర వేసుకుని యూనివర్సిటీకి వెళ్ళిపోయింది.

జూన్ 9

ఫలితం ప్రకటించారు. పెద్ద కంపెనీకే. కాంట్రాక్టు మీద సంతకాలు ఇంకా కాలేదు, మిగతా మాటలు నడుస్తాయి. ఆఫీసులో కేకు కోశారు. నాకు మూల ముక్క ఇచ్చారు, క్రీమ్ ఎక్కువగా ఉన్నది.

జూన్ 17

ఓడిపోయిన కంపెనీకి కారణాలు అడిగే హక్కు ఉంటుంది. సస్కటూన్ వాళ్ళు అడిగారట. ఇలాంటి మీటింగులకి సాధారణంగా షెరిల్ ఒక్కతే వెళ్తుంది.

"వాళ్ళు పోగొట్టుకున్నది ముఖ్యంగా ఆ ఒక్క విభాగంలోనే దాసూ. నీ అంత బాగా నేను చెప్పలేను. నువ్వూ కూర్చో" అంది.

సరేనన్నాను.

అటాచ్‌మెంట్ చదువుకుని వెళ్తే నయం కదా అని ఇప్పుడు రాస్తూ అనుకుంటున్నాను. చదివితే, ఇన్నాళ్ళూ చదవలేదని నాకు నేను ఒప్పుకున్నట్టవుతుంది.

జూన్ 24

రాయాలి. లేకపోతే రేపటికి దీన్ని కూడా ఇంకోలా చెప్పుకుంటాను.

వీడియో మీటింగ్. మా వైపు షెరిల్, నేను. అటు ఒకే ఒక అమ్మాయి, ముప్పై అయిదు ఉంటాయేమో. వెనకాల తెల్ల బోర్డు మీద ఏదో చెరిపేసిన మరకలు. పేరు ధాత్రి. నా పేరు తెర మీద చూసి ఒక్క క్షణం ఆగింది. నేను తెలుగువాణ్ణని ఆమెకి అర్థమైంది, ఆమె సంగతి నాకూ అర్థమైంది. ఇద్దరం ఇంగ్లిష్‌లోనే మాట్లాడాం.

షెరిల్ నేను రాసిన వ్యాఖ్య చదివి వినిపించింది. మార్పిడి రోజున జనానికి మందులు ఆగకుండా చూసే పద్ధతి స్పష్టంగా లేదు.

ధాత్రి రాసుకుంది. వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు.

"మాది చిన్న కంపెనీ. ఇంకో చోట టెండర్ వేసేటప్పుడు ఈ భాగం బాగు చేసుకోవాలి. ఎలా రాస్తే మీకు స్పష్టంగా ఉండేదో చెప్పగలరా?" అని అడిగింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. నాకు జవాబు తెలిసిన ప్రశ్న అడిగింది. ముందుకి వంగి ఉత్సాహంగా చెప్పాను. స్క్రీన్ మీద అప్రూవల్ కనిపించకపోయినా ఫార్మసీ వాళ్ళు మనిషిని వెనక్కి పంపకూడదు. ముందు మందు చేతికివ్వాలి, అప్రూవల్ తర్వాత చూసుకోవాలి. షెల్టర్లలో ఉండేవాళ్ళకి అడ్రసు మారుతూ ఉంటుంది, వాళ్ళ పేర్లు ముందే సరిచూసి పెట్టుకోవాలి. ఇన్సులిన్, మూర్ఛ మందులు వాడేవాళ్ళకి ముందు వారమే ఫోన్ చేయాలి. ఇవి ఉంటే చాలని అన్నాను.

ధాత్రి పెన్ను ఆగిపోయింది. నేను రెండో మాట చెబుతున్నప్పుడే ఆగిపోయింది, కానీ ఆమె నన్ను చివరిదాకా చెప్పనిచ్చింది.

"అదే రాశాం సర్" అంది. "అటాచ్‌మెంట్ సిలో. షెల్టర్ల సంగతి, ఫోన్ల సంగతి. దాదాపు మీరు చెప్పిన వరసలోనే ఉంది."

గొంతు పెంచలేదు. నేను తడుముకుంటే సాయం చేద్దామన్నట్టు చూసింది, అదే నేను భరించలేకపోయాను. షెరిల్ నా వైపు తిరిగింది.

"మేం మొత్తం ప్రపోజల్‌ని కలిపి చూసి అంచనా వేశాం" అన్నాను.

ధాత్రి పెన్నుకి మూత పెట్టింది. తర్వాత షెరిల్‌కి థాంక్స్ చెప్పింది. తెర ఆపబోతూ నాతో తెలుగులో, పెద్దవాళ్ళతో ఫోన్ పెట్టేసేటప్పుడు అన్నట్టుగా, "ఉంటానండీ" అంది.

"అటాచ్‌మెంట్ చూశావు కదా దాసూ?" అని షెరిల్ అడిగింది.

"చూశాను."

సాయంత్రం తెరిచాను. ఆ అమ్మాయి చెప్పినట్టే ఉంది. నేను చెప్పినదానికంటే బాగా ఉంది. మాట సరిగ్గా రానివాళ్ళ తరఫున ఫార్మసిస్టే ఫోన్ చేయడానికి వేరే నంబరు పెట్టారు. అది నాకెప్పుడూ తట్టలేదు. ఆ ముసలాయన వాళ్ళ జవాబులో లేడని కదా నేను అన్నది.

జూన్ 25

పొద్దున్నే వంశీధర్ ఫోన్ చేశాడు. మీటింగ్ సంగతి షెరిల్ దగ్గర విన్నాడట, అటాచ్‌మెంట్ మళ్ళీ తీసి చూశాడట.

"అన్నా, నేను అది ముందే చదివిన. చదివే ఎనిమిదేసిన. మీరు చెప్తుంటే, నాకే సరిగ్గా అర్థం కాలేదేమో అనుకున్నా. నా మార్క్ మీద నేను నిలబడాలి కదా. తప్పు నాదే."

నేను "అది కాదు వంశీ" అన్నాను.

"రేపు షెరిల్‌కి చెప్పేస్తా. చదివి కూడా డిఫెండ్ చేయలేదు, వీక్ అయిపోయిన అని. మీ పేరు తీయను, మీరు ఎక్స్‌పీరియన్స్‌తో చెప్పారు."

నేను చదవలేదన్న ఆలోచనే అతనికి రాలేదు. నన్ను అంత పెద్దవాణ్ణి చేసుకున్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు ఏమనిపించిందో రాస్తాను. ఇక్కడ రాయకపోతే ఎక్కడా ఉండదు. అతను చెప్తే సరిపోతుంది, విషయం బయటికొస్తుంది, నేను మాట్లాడనక్కర్లేదు అనిపించింది. నిన్నటి నుంచి మొదటిసారి టీ రుచిగా ఉంది.

జూన్ 26

వంశీధర్ చెప్పేశాడట. మధ్యాహ్నం మెసేజ్ పెట్టాడు. నేను బొటనవేలు గుర్తు పంపాను.

జూన్ 27

దయావతి వృద్ధుల హోమ్‌లో డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులు విప్పకుండానే సోఫాలో కూర్చుంది. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆమె టీ తాగకుండా మొత్తం విన్నది.

"ఆ రెండు వారాలూ ఇంటి నుంచే పని చేశారు కదా" అంది.

"అవును."

"అప్పుడు ఐపీఎల్ నడుస్తోంది."

ఇండియాలో సాయంత్రం మ్యాచ్ మనకి పొద్దున్నే వస్తుంది. ఒక తెర మీద ప్రపోజల్, ఇంకో తెర మీద మ్యాచ్. పెద్ద కంపెనీది ముందు వచ్చింది, అది కాస్త చదివాను. సస్కటూన్ వాళ్ళది వచ్చేసరికి ఆటలు రసకందాయంలో పడ్డాయి. జ్వరం కాదు. అలసట కాదు. మ్యాచ్ చూస్తూ మార్కులు వేశాను. ఎక్కువ వేస్తే ఎందుకని అడుగుతారు, తక్కువ వేస్తే జాగ్రత్తపరుడంటారు.

"నాకు తెలుసు, సౌండు వినిపించేది" అంది దయావతి. "పని అయిపోయాక చూస్తున్నారనుకున్నాను."

టీ కప్పు బల్ల మీద పెట్టింది. "నాతో స్తోత్రం చెప్పించారు."

అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది.

హోప్ మెట్ల మీద నిలబడి విందని నాకు తెలీదు. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడదు. "డాడ్, దట్ గై ఈజ్ టేకింగ్ ద బ్లేమ్ ఫర్ యూ" అంది. "యూ హావ్ టు టెల్ దెమ్."

"సోమవారం చెప్తాను."

"ఇప్పుడు మెసేజ్ పెట్టండి, సోమవారం కలవాలని" అంది దయావతి. "పార్కింగ్ గురించి మాట్లాడి రాకుండా."

ఆ పార్కింగ్ సంగతి నవ్వుకోవడానికి నేనే ఆమెకి చెప్పాను.

మెసేజ్ పెట్టాను. ఇద్దరూ నిలబడి చూశారు.

జూన్ 29

చెప్పాను.

షెరిల్ తలుపు వేసింది. మొదట "అటాచ్‌మెంట్ విషయంలో కొంత పొరపాటు" అని మొదలుపెట్టాను. ఆమె ముఖం చూసి ఆపేశాను. "చదవలేదు. ఆ ఫైలు తెరవనే లేదు. నువ్వు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. వంశీధర్ చదివి న్యాయంగా మార్కులు వేశాడు, నేనే దింపించాను" అన్నాను.

"ఎందుకు అలా వాదించావు? ఇంకోసారి చూస్తానంటే ఒకరోజు వాయిదా వేసేదాన్ని" అంది.

అది నిజం. ఆ ఒక్క మాట ఆరోజు నా నోటిదాకా వచ్చింది. అంతలో ముసలాయన గుర్తొచ్చాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ కథ ఎంత బాగా పని చేస్తుందో చెప్పడం మొదలుపెట్టగానే తెలిసిపోయింది. ఆ మనిషి ఇన్సులిన్ లేక ఇబ్బంది పడటం నిజం. దాన్ని నా బద్ధకం కప్పుకోవడానికి వాడుకున్నాను. ఇది షెరిల్‌కి చెప్పలేదు. "తెలీదు" అన్నాను.

ఇంకేమీ మాట్లాడొద్దని, లాయర్లతో మాట్లాడాలని చెప్పి నా లాప్‌టాప్ తీసుకుంది. సంతకాలు ఆపేశారు. నన్ను ఇంటికి పంపారు.

జూలై 11

కొత్త కమిటీ వేసి రెండు ప్రపోజల్సూ మొదటి నుంచి చూస్తారట. అంటే కొత్త సిస్టమ్ ఇంకా వెనక్కి పోయింది. అప్పటిదాకా పాతదే. అది మొరాయించినప్పుడల్లా ఎవరో ఒకరు కౌంటర్ దగ్గర నిలబడతారు.

ఇండియన్ స్టోర్‌లో వంశీధర్ కనిపించాడు. తోటకూర కట్టలు ఏరుకుంటున్నాడు. నేనే దగ్గరికెళ్ళాను.

"వంశీ, నీతో ముందే చెప్పాల్సింది."

"పర్వాలేదు దాసు గారూ."

అన్నా అనలేదు.

"పర్మనెంట్ చేస్తామన్నారు కదా, అది..."

"హోల్డ్‌లో పెట్టారు. విచారణ అయ్యేదాకా." కట్ట ఒకటి పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. "నేను ఫోన్ చేసినరోజు ఒక్క మాట చెప్పుంటే ఆగేవాణ్ణి కదండీ. వీక్ అయిపోయిన అని నా నోటితో నేనే చెప్పుకున్న."

"నేను వాళ్ళకి చెప్పాను, నీ తప్పు లేదని."

"తెలుసు. థాంక్స్ అండీ."

బిల్లు కట్టే దగ్గర నా ముందు ఇద్దరే ఉన్నారు. అతను వెనక్కి వెళ్ళి పప్పుల వరసలో నిలబడ్డాడు, నేను వెళ్ళిపోయేదాకా.

ఆగస్టు 4

తిరిగి రమ్మన్నారు. మందలింపు నా ఫైల్లో ఉంటుంది. క్లెయిముల నిర్ణయాల్లో లేను. తిరిగొచ్చిన టపా విప్పి సర్దే గదిలో వేశారు. ఇది ఎక్కువ శిక్ష కాదు. చర్చిలో మాత్రం దయావతి ముందు వరస వదిలి వెనక కూర్చుంటోంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. సంఘపెద్ద కొత్త సిస్టమ్ ఎంతవరకు వచ్చిందని అడిగితే ఆమె నా వైపు చూసింది. నేనే చెప్పాను, తలుపు దగ్గర, జనం వెళ్తుండగా. ఆయన నా భుజం తట్టి "ప్రార్థిస్తాను" అన్నాడు. ఆనాటి స్తోత్రానికీ దీనికీ తేడా నాకు తెలిసింది.

ఆగస్టు 20

వంశీధర్‌ని పర్మనెంట్ చేశారు. వేరేవాళ్ళు చెబితే తెలిసింది.

సెప్టెంబర్ 22

కొత్త కమిటీ తేల్చింది. ఆ ప్రశ్నకి సస్కటూన్ వాళ్ళకి పూర్తి మార్కులు ఇచ్చారట. ఇంకో రెండు విభాగాల్లో పెద్ద కంపెనీది నిజంగానే మేలుగా ఉందట, మొత్తం మీద మళ్ళీ వాళ్ళకే వచ్చింది. షెరిల్ మెట్ల దగ్గర కనిపించి తనే చెప్పింది. "చివరికి ఏమీ మారలేదు" అంది. నా మీద జాలితో అందో, విసుగుతో అందో తెలీలేదు.

నాకు సంతోషమేసింది. దాచుకోలేనంత. కారులో ఒక్కణ్ణే కూర్చుని స్టీరింగ్ మీద చేత్తో కొట్టాను. నా వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. నేను చదివి ఉన్నా ఇదే జరిగేది. నేను చదవకపోయినా ఇదే జరిగింది. ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళాను. దయావతి వంకాయలు కోస్తోంది. గబగబా చెప్పాను. చూశావా, ఏమీ మారలేదు అని కూడా అన్నాను.

"ఈసారి వాళ్ళది మొత్తం చదివారా?" అని అడిగింది.

"చదివారు. కొత్తవాళ్ళు కదా, ప్రతి పేజీ చదివి ఉంటారు."

"ఆ అమ్మాయికి అది చెప్పారా?"

"చెప్పే ఉంటారు."

దయావతి కోసిన ముక్కలు నీళ్ళలో వేసింది.

"అయితే వాళ్ళని చదివి ఓడించారు" అంది. "మీరు చేసింది అది కాదు కదండీ."

మళ్ళీ కత్తి తీసుకుంది. నేను అక్కడే, బూట్లతోనే నిలబడి ఉన్నాను.